అమ్మ దగ్గర లేని జవాబు

మా ఇంట్లో ఈ సంగతి ఎప్పుడు వచ్చినా ఒకటే మాట: "పాపం, అమ్మ ఏడుపు చూడలేక వాడు గడ్డపార పట్టాడు." అది అబద్ధం. అమ్మ ఏడవలేదు. నేను జాలిపడీ పట్టలేదు.

కృష్ణ మీద ఆనకట్ట కడుతున్న రోజులవి. మాచర్ల అవతల, నది ఒడ్డున ఉన్న మా ఊరు ముంపులో పోతుందని తేలింది. దూలాలు, తలుపులు, చివరికి వాకిట్లో పరిచిన నాపరాళ్ళు కూడా పీకి కొత్త ఊరికి బండ్లకెత్తుతున్నాం. అప్పుడు అమ్మ, చెల్లెల్ని కూడా తీసుకుపోవాలంది. చెల్లెలు మూడేళ్ళప్పుడు జ్వరంతో పోయింది. ఊరి చివర మా క్రైస్తవుల సమాధుల దొడ్డిలో పాతిపెట్టి చాలా ఏళ్ళయింది.

నేను నరసరావుపేటలో బి.ఏ. చదువుతున్నాను. తర్కశాస్త్రమంటే పిచ్చి. అన్నయ్య నన్ను ముందుకు తోశాడు.

"నువ్ చెప్పరా, నీకు వాదన వచ్చుగా."

"అమ్మా, చెల్లి ఆత్మ దేవుడి దగ్గరకి పోయిందని నమ్ముతున్నావా?" అన్నాను.

"నమ్ముతున్నా."

"మరి అక్కడున్నది ఒట్టి మన్నేగా?"

"మన్నే."

"మన్ను మునిగితే దానికి నొప్పుంటదా?"

"ఎందుకుంటదిరా?"

"అయితే తవ్వడం దేనికి?"

అమ్మ నా మొహంలోకి చూసింది. "చానా బాగా చెప్పావు. అందులో తప్పేం లేదు. అయినా దాన్ని నీళ్ళకింద ఒదిలి నేను రాను."

"ఎందుకు?"

"తెలిస్తే చెప్పనా?"

అన్నయ్య నవ్వాడు. "చెప్పేదేం లేక మొండికేస్తంది. ఏమ్మా, బండిలో కోళ్ళగంప పక్కన పెడదామా దాన్ని?"

"నీ నెత్తిన పెడతా. పెద్దోడివిగా, మొయ్యి," అని అమ్మ గడ్డపార తీసుకుని నడిచింది.

నేను వెంటపడి దారంతా వాదిస్తూనే ఉన్నాను. సమాధి మీది బండను ఆమె ఒక్కతే లేపుతుంటే కూడా పక్కన నిలబడి వాదించాను. బండ జారి ఆమె వేలు నలిగింది. చీర చెంగు వేలికి చుట్టుకుని మళ్ళీ గడ్డపార పట్టింది.

అప్పుడు నా వాదనను మొదటినుంచి మనసులో మళ్ళీ చూసుకున్నాను. ఎక్కడా పగులు లేదు. కానీ అది చెప్పినట్టు ఆ పిల్లను అక్కడ వదిలి బండెక్కడం నా వల్ల కాదని తెలిసింది. ఎందుకు కాదో వెతికాను, దొరకలేదు. దొరక్కుండానే ఆమె చేతిలోంచి గడ్డపార తీసుకున్నాను.

ఎముకలు మిగల్లేదు. రంగు మారిన మట్టిని కొత్త గుడ్డలో కట్టాం. కొత్త ఊరిదాకా అమ్మ ఆ మూటను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మట్టి కోసమా ఇంత? కొత్త ఊళ్ళో మట్టి లేదా?" అని అన్నయ్య ఇప్పటికీ అంటాడు. నా పాత వాదననే నా మీదికి విసురుతాడు. దాన్ని ఆ రోజూ ఖండించలేకపోయాను, ఈ రోజూ ఖండించలేను. ఖండించలేనిదానికల్లా తల వంచాలన్న నియమాన్ని మాత్రం ఒప్పుకోను. అమ్మ జవాబు చెప్పలేకపోయిందే తప్ప తప్పు చెప్పలేదు.

వేలు నలిగేదాకా మాట్లాడుతూ నిలబడినందుకు నన్ను క్షమించమని ఆమెను అడిగాను. తవ్వినందుకు ఎవరికీ సంజాయిషీ ఇవ్వను.