ఒకే రంగు దుప్పట్లు రెండు

మా ఆయన గల్ఫులో ఒక బద్దూ షేక్ దగ్గర డ్రైవర్. ఎడారిలో ఒంటెల మందలున్న ఆ షేక్‌కు ఇద్దరు భార్యలు, ఇద్దరికీ వేరు వేరు ఇళ్లు. ఒక ఇంట్లో బియ్యం బస్తా దించితే రెండో ఇంట్లోనూ దించాలి. ఒకరికి కొన్న అత్తరే ఇంకొకరికీ కొనాలి. అయినా బండి ఆగగానే పెద్దామె బయటికి వచ్చి, సామాను మొత్తం దించేదాకా కదలకుండా నిలబడి చూస్తుందట.

"షేక్ ఇద్దర్నీ ఒక్క తీరుగ సూస్తడు. గామెకే నమ్మకం లేదు," అని ఆయన ఫోనులో నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు.

పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఆయన సెలవు మీద ఆర్మూర్ వచ్చాడు. అందరం చుట్టూ కూర్చున్నాక, తాళ్లతో బిగించిన అట్టపెట్టె విప్పాడు. అత్తమ్మకు నమాజు చేసుకునే జానిమాజ్ తీసి ఇచ్చాడు. పెద్ద పెద్ద గులాబీలున్న ఎర్ర దుప్పటి నా ఒళ్లో పెట్టాడు. దాని కింద అచ్చం అలాంటిదే ఇంకొకటి ఉంది. పక్కన అత్తరు సీసాలు కూడా రెండు. రెండోవి ఎవరికని అడిగాను. అత్తమ్మ గబుక్కున పెట్టె మూసి, చాయ్ పెట్టమంది. ఆ చెయ్యి ఎంత తొందరగా కదిలిందో నేను మరిచిపోలేదు.

అంతకు ముందు సెలవులోనే ఆయనకు మోర్తాడ్‌లో ఇంకో నికా అయిందని ఆడబిడ్డ చెప్పింది. వాళ్లంతా వెళ్లి బిర్యానీ తిని వచ్చారు. తెలియనిది నాకొక్కదానికే.

మసీదు జమాత్ పెద్దల దగ్గరికి పోయాను. ఇద్దరికీ ఒకే రకం తెచ్చాడా అని అడిగారు. అవునన్నాను.

"ఇద్దరికి సమానంగ ఇన్సాఫ్ జేస్తుండు గదమ్మా. ఇంక నీ ఫిర్యాదేంది?"

నన్నొక మాట అడగలేదన్నదే నా ఫిర్యాదు. ఇప్పటికీ అదే. ఇంకోసారి పంచాయితీకి పోతే అటు నుంచి అటే పుట్టింటికి పొమ్మని అత్తమ్మ మెల్లగా చెప్పింది. వేల్పూర్‌లో ఆ ఇల్లు తమ్ముడి సంసారానికే చాలదు. ఆ దుప్పటి మాత్రం సంచిలోంచి తీయలేదు. చలికి పాత బొంతే కప్పుకుంటాను.

మోర్తాడ్ ఆమె ఇన్నాళ్లూ నాకొక సలాం చెప్పిన పాపాన పోలేదు. పోయిన వారం తనే ఫోను చేసింది. ఆయన మళ్లీ సెలవు మీద వస్తున్నాడు. పెట్టె ఎప్పుడూ మా ఇంట్లోనే విప్పుతారు.

"ఆపా, పెట్టె ఇప్పేటప్పుడు నువ్వు గాడ్నే ఉండు. ఏదన్న మూడు కనవడితే నాకు జెప్పు."

ఆ సలాం సంగతి నా నోటిదాకా వచ్చింది. అప్పటికి మింగేశాను.

"చాయ్ పెట్టుమన్నా లేవ," అన్నాను.