కుల్లూలో ఆగిన మా విమానం

పాఠక మహాశయులకు ముందుగా సాష్టాంగ క్షమాపణ. ఇలాంటి స్మృతి రాయడానికి కావలసిన వయసూ, గాంభీర్యమూ, ఇస్త్రీ చొక్కా నా దగ్గర లేవు. వార్త మాత్రం నిజం. మా చార్టర్ ఎయిర్‌లైన్స్ చీఫ్ పైలట్, నేను గుర్గావ్‌లో అద్దెకుంటున్న ఇంటి ఓనరు అంకుల్, పోయిన మంగళవారం ఆస్పత్రిలో కన్నుమూశారు. సంస్థకు మిగిలింది కింది వాటాలో ఒక కంప్యూటరు, ఒక జాయ్‌స్టిక్, నాతో కలిపి విమానం నడపడం రాని నలుగురు పైలట్లు.

మేం నడిపేది కంప్యూటర్ తెర మీదే. కానీ దాన్ని ఆట అంటే అంకుల్ ఊరుకునేవారు కాదు. రిటైరయ్యేదాకా మంత్రిత్వ శాఖలో ఫైళ్లు కదిలించిన మనిషి, ఆకాశానికీ రూల్సు పెట్టారు. నిన్న ఎక్కడ దిగామో ఇవాళ అక్కణ్ణుంచే లేవాలి. కుల్లూ గంటన్నర దూరమైతే గంటన్నరా కుర్చీలోనే ఉండాలి. అక్కడ నిజంగా వాన పడుతుంటే, ఇంటర్నెట్‌లోంచి తెచ్చి ఆ వాననే మా తెర మీద కురిపించాలి. మధ్యలో కరెంటు పోతే అది ప్రమాదం. రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవాలి.

నాకు కుదురు లేదు. పది నిమిషాలకే కాలు ఊపడం మొదలుపెట్టేవాణ్ణి. “తొందరున్నవాడు రైలెక్కాలయ్యా” అనేవారు ఆయన, తెర మీంచి చూపు తిప్పకుండా.

ఆంటీ గుమ్మంలోంచి, “నీళ్ల మోటారు కట్టడానికి లేవరు గానీ లేహ్ దాకా వెళ్ళొస్తారు” అని దెప్పేవారు.

“మెల్లగా మాట్లాడు. ప్యాసింజర్లున్నారు.”

ఆ ప్యాసింజర్లు ఆయన ఊహలో పుట్టినవాళ్లే. ఒకసారి జైపూర్‌లో నేను దబ్బున దింపితే, వెనక సీట్లో పురిటికెళ్తున్న అమ్మాయి ఉందని రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. ఉప్మా మాత్రం పై వాటాలో ఉన్న నాకు పంపించారు. దిగిన ప్రతిసారీ విమానం ముక్కు ఇంటివైపు, అంటే ఢిల్లీవైపు, తిప్పి ఆపేవారు, రేపు నడిపేవాడికి సుళువని.

ఈ జూలైలో కుల్లూలో దింపి అలాగే ఆపారు. మర్నాడు ఛాతీలో నొప్పి. ఆస్పత్రి మంచం మీంచి నాకొచ్చిన ఆర్డరు ఒక్కటే: ఆపరేషన్‌లోపు విమానం ఢిల్లీ చేరాలి. కుల్లూ మీద మబ్బు. ఆరు రోజులు పొద్దున్నే కూర్చుని వాతావరణం తెప్పించుకున్నాను. ఆరు రోజులూ తెరంతా బూడిదరంగు, లేవడానికి వీల్లేదు. కింద ఆఫీసు క్యాబ్ డ్రైవరు హారన్ కొట్టి, “భయ్యా, చల్నా హై కి నహీ?” అని, వస్తావా రావా అన్నట్టు కేకేసేవాడు. నా కాలు ఊగుతూనే ఉండేది.

ఏడో రోజు ఆయన్ని స్ట్రెచర్ మీద తీసుకెళ్తూ ఒక్క నిమిషం ఆపారు.

“వచ్చిందా?”

“వచ్చింది అంకుల్. పొద్దున్నే దింపాను.”

“కుదుపు?”

“లేదు.”

“అందరూ దిగారా?”

“దిగారు అంకుల్.”

“ఠీక్ హై, కెప్టెన్.”

అంతకుముందు నన్నెప్పుడూ కెప్టెన్ అనలేదు. ఆపరేషన్ గదిలోంచి ఆయన తిరిగి రాలేదు.

ఇంతసేపూ గురువుగారి గొప్పలు చెప్పాను గానీ, శిష్యుడిగా నేను నిజంగా చేసింది ఒక్కటే. అబద్ధమాడాను. ఆ పొద్దున కూడా మబ్బు విడలేదు, విమానం కదల్లేదు. నిన్న విడింది. ఆంటీ కుర్చీ తుడిచి వేశారు. కూర్చున్నాను, గంట దాకా కాలు ఊపకుండా. ఇంజను స్టార్ట్ చేయడానికి చెయ్యి రాలేదు. కుల్లూలో ఎండ కాస్తోంది. ఆయన ఆపిన చోటే, ముక్కు ఇంటివైపు పెట్టుకుని ఉంది విమానం.