వద్దనే పని ఆవిడది

అప్పగింతలనాడు కూతురి చేతులు మా చేతుల్లో పెడుతూ, "ఇక మీ ఇంటి సంగతుల్లో నేను నోరెత్తనండి అన్నయ్యగారూ" అని మా వియ్యపురాలు మాట ఇచ్చారు. ఆ మాట తప్పారు. తప్పారు కాబట్టే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. పోయిన నెల ఒక ఉదయం, కోనసీమలో తన ఇంటి అరుగు మీద కాఫీ తాగుతూ, కూర్చున్న కుర్చీలోనే ఆవిడ వెళ్లిపోయారు. ఫోను వస్తే కోడలు విని నా చేతికిచ్చింది. పరామర్శకు వచ్చినవాళ్లంతా "ఎంత మంచి మనిషండీ" అన్నారు. అందులో సగంమంది ఆవిడను గయ్యాళి అన్నవాళ్లే. నా జ్ఞాపకశక్తి ఇంకా బాగానే ఉంది.

ఆవిడ గయ్యాళే. ఆ సంగతి దాచి ఆవిడకు అన్యాయం చేయను. రాజమండ్రిలో బస్సు దిగి వస్తుంటే, ఆటో మా వీధి మలుపు తిరగకముందే ఆవిడ గొంతు ఇంట్లోకి వచ్చేది. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా దాన్నే వెతికేవారు. నా పుస్తకాల బీరువా ముందు ఆగి, "ఇవన్నీ చదివేశారాండీ? మరి మొహంలో ఎక్కడా కనిపించదేంటండీ?" అనేవారు. వియ్యపురాలు కాబట్టి నవ్వి ఊరుకోవాలి. ఆ వరసకు మా వైపు అంత చనువుంది.

మా మనవరాలికి మూడేళ్లు వచ్చినా పిలిస్తే తిరిగి చూసేది కాదు. మాటల్లేవు. విసుగొస్తే గోడకేసి తల కొట్టుకునేది. పిల్లల డాక్టరమ్మ పరీక్షించి ఆటిజం అన్నారు. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ మొదలుపెట్టమన్నారు. తల కొట్టుకోవడం తగ్గకపోతే చిన్న మోతాదులో ఒక మందు సంగతి ఆలోచిద్దామన్నారు. అది ఆటిజాన్ని పోగొట్టేది కాదనీ, పిల్ల తనను తాను గాయపరుచుకోకుండా చూడటానికేననీ విడమరిచి చెప్పారు.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కానీ మాది గోదావరి జిల్లా. ఆకులో వడ్డించిందాన్నీ, పెద్దవాళ్లు ఇచ్చిన సలహానీ ఇక్కడ వద్దనకూడదు. మా అన్నయ్య ఎవరి దగ్గర్నుంచో ఆకుల పొడి తెచ్చాడు. మా చెల్లెలు పాలూ గోధుమా మాన్పించమంది. కోడలి మేనత్త ఏదో నూనె పంపింది. మావాడు అందరికీ "అలాగేనండి" అన్నాడు. అన్నీ ఒకేసారి మొదలయ్యాయి. అన్నయ్య అంతటితో ఊరుకోలేదు. "ఇంగ్లీషు మందు పిల్లని మత్తులో పడేస్తుందిరా. ఆ థెరపీలూ దండగే. పొడి పనిచేయాలంటే అవన్నీ ఆపాలి" అన్నాడు. థెరపీలు ఆపేశారు, మందు మాటే ఎత్తలేదు. పిల్ల పగలంతా తూగేది. విరేచనాలు పట్టుకున్నాయి. నుదుటి మీద బొప్పి మానేది కాదు. దేనివల్ల ఏమవుతోందో ఎవరికీ అంతుబట్టలేదు. నేను పుస్తకాలు తెరిచి చూపించాను. "పెదనాన్న బాధపడతారు నాన్నగారూ" అన్నాడు మావాడు. అలా ఏడాది గడిచింది.

ఆ కార్తీకంలో వియ్యపురాలు వ్రతం పేరుతో మమ్మల్నందరినీ వాళ్ల ఊరు పిలిచారు. భోజనాలకు కూర్చున్నాం. అందరికీ పద్ధతిగానే వడ్డించారు. మా అన్నయ్య ఆకులో మాత్రం పప్పు మీద పాయసం, పాయసం మీద పులుసు, దానిమీద ఆవకాయ వేసి, పైన గరిటెడు మజ్జిగ పోసి, నడుం మీద చేయి పెట్టుకుని ఎదురుగా నిలబడ్డారు.

"తినండి పెద్దన్నయ్యగారూ. ఏది బాగుందో చెప్పండి."

"ఇదేంటమ్మా? ఇలా కలిపేస్తే ఏది ఎలా ఉందో ఎవడికి తెలుస్తుంది?"

"అన్నీ మంచివేనండి. దేనికది బ్రహ్మాండంగా ఉంటుంది. వద్దంటే మాకు అవమానమండి."

పంక్తిలో ఎవరో కిసుక్కుమన్నారు. నేనే.

"పెద్దవాణ్ణి పట్టుకుని ఆటపట్టిస్తున్నావా అమ్మా?"

"మీకు నోరుంది కాబట్టి అడిగారు. నా మనవరాలు అడగలేదు కదండీ."

ఆ మాట ఆవిడ గొంతు తగ్గించి అన్నారు. ఆవిడ గొంతు తగ్గగా నేను విన్నది ఆ ఒక్కసారే. వెంటనే ఆ ఆకు తీయించి, కొత్త ఆకు వేసి, అన్నీ మర్యాదగా వడ్డించి, నెయ్యి అడక్కుండానే రెండోసారి వేశారు. అన్నయ్య తలెత్తకుండా తిన్నాడు. ఇన్నేళ్లలో నేను అంత రుచిగా భోంచేసిన రోజు లేదు.

ఆ సాయంత్రం కూతుర్నీ అల్లుణ్ణీ కూర్చోబెట్టి, "ఏ థెరపీ, ఏ మందు అన్నది మీరిద్దరూ డాక్టరమ్మతో తేల్చుకోండి. నాకేం తెలుసని? చుట్టాలకి వద్దని చెప్పే పని మాత్రం నాకొదిలెయ్యండి" అన్నారు.

పొడి, నూనె, పథ్యం డాక్టరమ్మకు చెప్పి మానేశారు. థెరపీలు మళ్లీ మొదలయ్యాయి. కొన్నాళ్లు చూసినా తల కొట్టుకోవడం తగ్గకపోయేసరికి మందు మాట వచ్చింది. మావాడు భయపడ్డాడు. కోడలు ఏడ్చింది. అడగాల్సినవన్నీ అడిగి, ఇద్దరూ కలిసి వేద్దామనే అనుకున్నారు. "పసిపిల్లకి ఇంగ్లీషు మందా?" అని ఎవరైనా ఫోను చేస్తే కోడలు, "మా అమ్మతో మాట్లాడండి" అనేది. రెండోసారి చేసినవాళ్లు లేరు.

మందుతో ఆకలి మరీ పెరిగితే డాక్టరమ్మ మోతాదు సవరించారు. మెల్లగా బొప్పి మానింది. ఒళ్లంతా కాస్త బిగువుగా పట్టి ఉంచితే పిల్లకు హాయిగా ఉంటుందని థెరపీలో చెప్పారు. వియ్యపురాలు వెంటనే ఒక పాత బొంత మోసుకొచ్చారు. తల బయటికి ఉంచి పిల్లని అందులో చుట్టి, హాలంతా దొర్లిస్తూ, "ఆత్రేయపురం పూతరేకండీ! నెయ్యి ఎక్కువేశామండీ!" అని వీధికి వినపడేలా అరిచేవారు. పూతరేకు పడీపడీ నవ్వేది. మనవరాలి మొదటి మాట అమ్మా కాదు, నాన్నా కాదు. ఒకరోజు బొంత ఈడ్చుకుంటూ నా దగ్గరికొచ్చి, "చుట్టు" అంది. నా నడుం సంగతి మరిచిపోయి చుట్టాను. ఆ వార్త ఫోనులో చెబితే వియ్యపురాలు మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు. తర్వాత, "నెయ్యి వేశారాండీ?" అన్నారు.

ఆవిడ పెద్దకర్మనాడు అన్నయ్య వచ్చి కోడలి పక్కన కూర్చున్నాడు. "ఇక మీ అమ్మ లేదు కదమ్మా, నా మాట విను. ఈసారి గట్టి వైద్యుణ్ణి పట్టాను. ఆ మాత్రలు ఒక్క నెల ఆపి చూడు."

మావాడు నేల చూపులు చూస్తున్నాడు. నేను నోరు తెరవబోయాను. కోడలు కళ్లు తుడుచుకుంది.

"వద్దండి పెద్దమామయ్యగారూ" అంది. వినపడనట్టు ఆయన చెవి ముందుకు పెట్టాడు. "వద్దండి. మీరు లేచి భోజనం చేయండి."

భోజనాలయ్యాక చూస్తే, చేతులు కడుక్కునే కుళాయి కింద మా మనవరాలు కూర్చుని ఉంది. వేళ్ల సందుల్లోంచి నీళ్లు జారుతుంటే ఒళ్లు మరిచి నవ్వుతోంది. ఎవరూ పిల్లని లేపలేదు. వచ్చినవాళ్లంతా ఎంగిలి చేతులతో వరసకట్టి ఆ నవ్వు ఆగేదాకా నిలబడ్డారు. ఈ నవ్వు మా ఇంటికి ఏడాది ఆలస్యంగా వచ్చింది. ఆ ఏడాదికి నేను ఇప్పటికీ తప్పుపట్టేది ఒక్కరినే. పెరుగన్నం చేత్తో ఆ వరసలో అందరికంటే ముందు నిలబడ్డ మా అన్నయ్యని.