ఒకే అరలో పదకొండు ఊళ్లు

ఉద్యోగ విరమణకు పద్నాలుగు నెలల ముందు, కరోనా భయం తగ్గి ఆఫీసులు మళ్లీ మామూలుగా నడవడం మొదలైన ఏడాది, నన్ను టెలిఫోన్ శాఖ నుంచి డెప్యుటేషన్ మీద ఒక ప్రయోగాత్మక పథకానికి పంపారు. హోదా పాతదే, సబ్ డివిజనల్ ఇంజినీరు. మకాం మహబూబాబాద్. పరిధి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు. నాకు అప్పగించినవి ఒక గది, ఒక జీపు, యాదగిరి అనే డ్రైవరు, పదకొండు నల్లటి పెట్టెలు.

పథకం ఏమిటో ముందు చెప్పాలి. ఇంటర్నెట్ మొదట్లో చాలామందికి చదువుకోవడానికే పనికొచ్చేది. తర్వాత అందరూ రాయడం మొదలుపెట్టారు గాని, రాసినదంతా ఎక్కడో దూరాన కొద్దిపాటి పెద్ద కంపెనీల యంత్రాల్లోకి పోయి చేరేది. ఆ యంత్రం ఆగితే మన కాగితం లేనట్టే. ఇప్పుడు వస్తున్న మూడో దశను వికేంద్రీకృత జాలం అంటున్నారు. దానికి యజమాని ఉండడు. ఒకే కాగితం నకళ్లు అనేక ఇళ్లలోని చిన్న యంత్రాల్లో ఉంటాయి. ప్రతి కాగితానికీ అందులోని అక్షరాలను బట్టి ఒక ముద్ర ఏర్పడుతుంది. ఒక్క అక్షరం మారినా ముద్ర మారిపోతుంది. కాగితం కావలసినవాడు అది ఎక్కడుందని అడగడు. ఈ ముద్ర గల కాగితం ఎవరి దగ్గరున్నా పంపమని అడుగుతాడు. మా నిబంధన ప్రకారం ఏడు వేర్వేరు చోట్ల నుంచి ఒకే ముద్ర వస్తే ఆ నకలు అసలుతో సమానం. మా కార్యాలయంలో ఒక ప్రతి దాచుకోవడం నిషిద్ధం.

ఈ పద్ధతిని పోడు భూముల కాగితాలకు వాడి చూడాలని పై నుంచి నిర్ణయం. అడవి నరికి తరాలుగా సాగు చేసుకుంటున్నవారు తమ సాగును రుజువు చేసుకోవాలి. విచిత్రమేమంటే, వాళ్లలో చాలామందికి ఉన్న గట్టి రుజువు ఒకప్పుడు అడవిలో దున్నినందుకు పడిన జరిమానా రసీదు. దున్నారని ప్రభుత్వమే రాసిచ్చిన కాగితం అది.

మా తాతగారి కాలంలో చుట్టుపక్కల ఊళ్ల కాగితాలన్నీ మా గడిలో, అంటే కోటలాంటి దొరల ఇంట్లో, ఒక ఇనుప సందూకులో ఉండేవి. చూడవలసినవారు వాకిట్లో చెప్పులు విడిచి నిలబడేవారు. ఇప్పుడు గడి లేదు, సందూకు లేదు, ఆ భూములూ లేవు. నాకు దక్కింది ఇంటి పేరు, దాని పక్కన పెట్టే సంతకం. నేను కళ్లారా చూడనిదాని కింద సర్వీసు మొత్తంలో సంతకం చేయలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు; తర్వాత జరిగినది అర్థం కావాలంటే ఇది తెలియాలి.

పదకొండు పెట్టెలనూ పదకొండు ఇళ్లలో నేనే దగ్గరుండి బిగించాను. నర్మెట్టలో ఒకటి, నెల్లికుదురులో ఒకటి, భూపాలపల్లి వైపు నాలుగు, ఇలా. బయ్యారం దగ్గరి ఒక తండాలో మంగ్లి అనే ఆమె ఇంట్లో ఒకటి. ఆమెకు యాభై ఏళ్లుంటాయి, భర్త లేడు, గుట్ట కింద మూడెకరాల పోడు ఉంది. భర్త పేరిట ఉన్న జరిమానా రసీదు ఆమె ఏకైక ఆధారం. దాన్ని మేము పెట్టెల్లోకి ఎక్కించిన నెలకే అసలు కాగితాన్ని చెదలు తినేశాయి. కనుక ఆ రసీదు ఇక పెట్టెల్లోనే ఉంది.

ప్రతి పెట్టెకూ సొంత సిమ్ కార్డు, ముందువైపు ఒక పచ్చ దీపం. పెట్టె పనిచేస్తుంటే దీపం వెలుగుతుంది; వెలిగినా ఆరినా ఆ సంగతి సిమ్ ద్వారా నా గదిలోని కంప్యూటరుకు చేరుతుంది. నా గదిలో గోడకు ఒక పట్టిక వేలాడదీసి, ఆరిన దీపాలను రోజూ ఉదయం ఎనిమిదింటికి ఎర్ర పెన్సిలుతో గుర్తించేవాణ్ణి. మొదటి నెల పట్టిక మిరప కల్లంలా ఉంది. ఒకచోట కరెంటు లేదు, ఒకచోట పెట్టె తీగ పీకి ఫోను చార్జింగు పెట్టారు. నేను ఒక సర్క్యులర్ పంపాను. దీపం గంటకు మించి ఆరిన ఇంటివారి పేరు పైఅధికారులకు నివేదించబడును అని అందులో రాశాను. దానితోపాటు నెలవారీ ఫారం పెట్టాను: దీపం పచ్చగా ఉన్నదా, దుమ్ము తుడిచితిరా, తీగ బిగుతుగా ఉన్నదా, కింద సంతకం లేక వేలిముద్ర.

రెండో నెలకు ఎరుపు తగ్గింది. నాలుగో నెల నుంచి పట్టిక మీద ఎర్ర గీత ఒక్కటీ లేదు. ఇలాంటి పథకం నడుస్తున్న మరే ప్రాంతంలోనూ ఇంత చక్కని ఫలితం లేదని నాకు ప్రశంసాపత్రం వచ్చింది. క్రమశిక్షణ ఎక్కడైనా పనిచేస్తుందని నేను అనుకున్నాను.

మాఘమాసంలో ఒక ఉదయం పట్టిక నింపబోతూ కంప్యూటరు చూస్తే, ముందురోజు సాయంత్రం ఆరు దాటి ఐదు నిమిషాలకు పదకొండు దీపాలూ ఒక్కసారే ఆరిపోయి ఉన్నాయి. ఆ రోజే మహబూబాబాద్‌లో పోడు విచారణకు ఆఖరి రోజు. సాయంత్రం ఐదులోగా రసీదు చూపకపోతే మంగ్లి దరఖాస్తు తిరస్కరణలోకి పోతుంది.

టెలిఫోన్ పని చేసినవాడికి ఒక విషయం బాగా తెలుసు. పది లైన్లు పది రకాలుగా చెడతాయి. పదీ ఒకే నిమిషంలో చస్తే ఎక్కడో ఒకచోట కేబుల్ తెగిందని అర్థం. కాని ఇక్కడ తెగడానికి కేబులే లేదు. మూడు జిల్లాలు, పదకొండు ఇళ్లు, పదకొండు సిమ్‌లు. అలా జరగకూడదన్నదే ఈ జాలం ఉద్దేశం. యాదగిరి మాత్రం జీపు తుడుస్తూ, “ఏడనో ఒక్క స్విచ్చే ఉంటది సార్,” అన్నాడు. తెలియని విషయాల్లో మాట్లాడవద్దని చెప్పి బయ్యారం వైపు పోనిమ్మన్నాను.

మంగ్లి విచారణకు తయారై ఇంటి ముందే నిలబడి ఉంది. లోపల నేను బిగించిన చోట పెట్టె లేదు. గోడకు నాలుగు మేకులున్నాయి, వాటికి దువ్వెన, అద్దం తగిలించి ఉన్నాయి. పెట్టె ఏదని అడిగాను.

“నువ్వే రాసి పంపినవ్ గద సారూ, దీపం ఆరితె పేరు పైకి పంపుత అని,” అంది మంగ్లి. “మా తండల కరెంటు ఎన్నిమాట్ల పోతదో నీకెరుకనా? మల్ల మేకపిల్ల తీగ కొరికె. పరేషానై సోమయ్య సేటు బండిల పంపిన. ఆయన దుకాణంల ఇన్వర్టర్ ఉంది. ఆడ పెట్టినంక దీపం ఒక్కనాడు ఆరలె.”

మరి నెలనెలా ఫారం మీద వేలిముద్ర ఎలా వేశావని అడిగాను.

“దీపం పచ్చగున్నదా అని గద అడిగినవ్. ఉన్నది. సేటు బండి వచ్చినప్పుడల్ల దాని డ్రైవర్ చెప్తడు, అవ్వా నీ దీపం మంచిగున్నదని. ఏసిన.”

సోమయ్య సేటు మహబూబాబాద్‌లో విత్తనాలు, పురుగుమందుల టోకు వ్యాపారి. ఆయన డీసీఎం బండి మూడు జిల్లాల్లోని చిన్న దుకాణాలకు సరుకు వేసి ఖాళీగా తిరిగి వస్తుంది. మంగ్లి ఇంటి ముందే నిలబడి మిగతా పది ఇళ్లకూ ఫోను చేశాను. పది చోట్లా అదే సంగతి. నెల్లికుదురు ఆయన, సేటు దుకాణం మా ఆఫీసుకు దగ్గర కనుక నాకే సౌకర్యంగా ఉంటుందని పంపానన్నాడు. నర్మెట్ట ఆయన సంజాయిషీ ఇంకా సూటిగా ఉంది: “అందరి పెట్టెలు ఆడనే ఉన్నయట సార్. మాదొక్కటి ఈడుంటె ఏం బాగుంటదని పంపినం.”

మంగ్లిని జీపులో ఎక్కించుకుని వెనక్కి వచ్చాం. దుకాణం మా ఆఫీసుకు మూడు వీధుల అవతల ఉంది. షట్టరుకు తాళం. పక్క దుకాణంవారు చెప్పిందేమంటే, సేటు తమ్ముడి కూతురి పెళ్లి జనగామలో, గుమాస్తాలతో సహా అందరూ నిన్న సాయంత్రమే వెళ్లారు, ఊరు దాటేటప్పుడు సేటు మెయిన్ బంద్ చేసి మరీ వెళతాడు. ఫోను చేస్తే ఎవరో బంధువు ఎత్తి, బ్యాండు చప్పుడు మధ్య నా మాట సేటు చెవిన వేసి, జవాబు తెచ్చాడు. సేటు పీటల మీద ఉన్నాడు. లగ్గం రోజు దుకాణం తాళం ఎవరన్నా పగలగొడతారా అని అడిగాడు. తాళంచెవి ఆయన మొలతాటికి ఉంది.

ఇతరుల తాళం పగలగొట్టే అధికారం నాకూ లేదు. మంగ్లిని దుకాణం మెట్ల మీద కూర్చోబెట్టి జనగామ బయలుదేరాం.

ఫంక్షన్ హాలు చేరేసరికి ఒంటిగంట కావస్తోంది. పెళ్లికూతురి తండ్రి లోగడే పోయాడు, అందువల్ల కన్యాదానం సోమయ్య సేటు చేస్తున్నాడు. అయ్యేదాకా లేవకూడదని పురోహితుడు నాకు చేత్తోనే సైగ చేశాడు. నేను పిలవని పెళ్లికి జన్మలో వెళ్లినవాణ్ణి కాను. మండపం పక్కన నిటారుగా నిలబడ్డాను. సేటు నన్ను చూసి చాలా సంతోషించాడు.

“వచ్చిన్రా సార్, మంచిగైంది. పెట్టెలకు ఏమన్న అయిందా?” అని మంత్రాల మధ్యలో అడిగాడు.

మీరు మెయిన్ బంద్ చేశారు, మూడు జిల్లాల జాలం ఆగిపోయింది అన్నాను.

“ఊరికి పోతె మెయిన్ బంద్ చెయ్యనా? లోపలున్నయి పురుగుమందులు. షాట్ సర్క్యూట్ అయితె బజారంత లేస్తది,” అన్నాడు. ఆ మాటలో తప్పు వెతికాను, దొరకలేదు.

చివరకు సేటు భార్య, పట్టుపంచె కింద నుంచి మొలతాటి ముడి విప్పి తాళంచెవి తీసి నాకిచ్చింది. అంతసేపూ పురోహితుడు ముఖం పక్కకు తిప్పుకుని మంత్రం ఆపకుండా చదివాడు. ఫొటోగ్రాఫరు దాన్ని కూడా తీశాడు. అన్నం తినకుండా వెళుతున్నానని నొచ్చుకుని, జీపులో ఒక లడ్డూల బుట్ట పెట్టించారు.

మూడుంబావుకు షట్టరు ఎత్తాం. లోపల పురుగుమందు డబ్బాల పైన ఒకే అరలో పదకొండు పెట్టెలూ వరసగా ఉన్నాయి. ఒక్కొక్కదాని మీద సేటు చేతి రాతతో ఊరి పేరు, పసుపు, కుంకుమ. దుమ్ము లేదు. తీగలన్నీ బిగుతుగా ఉన్నాయి. మెయిన్ వేయగానే నర్మెట్ట నుంచి భూపాలపల్లి దాకా పదకొండు దీపాలూ వెలిగాయి. మంగ్లి రసీదు ముద్ర పదకొండు పెట్టెల్లోనూ సరిపోయింది.

“వచ్చె గద. పా సారూ పోదాం,” అంది మంగ్లి.

నకలుతోపాటు నేనివ్వవలసిన ధ్రువపత్రం ఒకటుంది. ఈ ముద్ర ఏడు వేర్వేరు చోట్ల నుంచి సరిపోలినదని దాని పాఠం. కలం తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాను. ఇవి ఉన్నది ఒక్క చోట, నేను సంతకం చేయలేను అని ఆమెకు చెప్పాను.

“ముప్పై ఏండ్ల సంది దున్నుతున్న ఆ చెల్క. నీ దీపం ఆరకుండ చూస్తినని నా భూమి పోతదా?” అంది మంగ్లి. ఆమె అరను చూసి, వీధిలోకి చూసి, “ఎన్ని చోట్లు గావాలె?” అని అడిగింది.

ఏడు.

“బజార్ల ఏడు దుకాణాలు లెవ్వా?”

నిబంధనల పుస్తకం జీపులోనే ఉంది. తెరిచి చూశాను. ఏడు చోట్లు అని ఉంది, వాటి మధ్య దూరం ఎంతో లేదు. ఒక పెట్టెను అక్కడే ఉంచి, మిగతా ఆరు మనిషికి రెండు చొప్పున తీసుకుని బజారున పడ్డాం. మా వంశంలో ఎవరూ బజారులో సామాను మోసినట్టు నేను వినలేదు. టైలర్ దుకాణం ముందు కూర్చున్న ఒక ముసలాయన నన్ను గుర్తుపట్టి, “దొరగారి మనుమడు పెట్టెలు మోస్తున్నడు సూడున్రి,” అన్నాడు. పెట్టెలు తేలికైనవే, నడుము వంచవలసిన అవసరం రాలేదు.

చాయ్ హోటలు, టైలరు, జిరాక్సు, గాజుల దుకాణం ఒప్పుకున్నాయి. మందుల దుకాణంవారు ఫ్రిజ్ ప్లగ్గు తీయడం కుదరదన్నారు గాని ఫ్యాను ప్లగ్గు ఇచ్చారు. ఆఖరుది మంగలి షాపు.

“ఏంది సార్, ఇంటింటికి దేవుణ్ణి తిప్పుతున్నరా?” అన్నాడు షాపతను.

“దేవుడే అన్నా, జర ప్లగ్గు సూపియ్యి,” అన్నాడు యాదగిరి.

అతను చేతిలోని మిషను తీగ పీకేశాడు. కుర్చీలోని మనిషికి గడ్డం సగమే అయింది. తన గడ్డం సంగతేమిటని అడిగితే, “సర్కారు పని నడుస్తున్నది, జర ఆగు,” అని జవాబు. ఆ మనిషి ఒక చెంప తడుముకుంటూ మా పచ్చ దీపం వెలిగేదాకా చూస్తూ కూర్చున్నాడు.

నాలుగు ఇరవైకి ఏడు దుకాణాల నుంచి ఒకే ముద్ర వచ్చింది. ధ్రువపత్రం మీద సంతకం చేసి, దాని కింద ఇంకొక వాక్యం రాశాను: ఈ ఏడు చోట్లూ మహబూబాబాద్ బజారులోనివి, పెట్టెలను ఈ మధ్యాహ్నం నేనే అక్కడ ఉంచాను.

విచారణాధికారి దాన్ని రెండుసార్లు చదివారు. ఏడు ఊళ్లని నిబంధనలో ఉందా అని అడిగారు. లేదన్నాను. ఉండి ఉంటే ఏం చేసేవారన్నారు. సంతకం చేసేవాణ్ణి కానన్నాను. మంగ్లి పక్కనే నిలబడి విన్నది. ఆయన రసీదును రికార్డులో చేర్చుకుని, భూమి సర్వేకు ఉత్తర్వు రాశారు. పట్టా ఆ మరుసటి ఏడు వచ్చింది.

జరిగినదంతా, నా సర్క్యులర్‌తో సహా, నివేదిక రాసి పంపాను. పదిహేను రోజులకు జవాబుగా మెమో వచ్చింది. దీపాలు అన్ని గంటలపాటు ఆరి ఉండటానికి కారణమేమిటని మొదటి పేరాలో అడిగారు. రెండో పేరాలో, పదకొండు పెట్టెలను ఒకే అరలో ఉంచిన విధానం నిర్వహణకు అనుకూలంగా కనిపిస్తున్నందున, ఇతర జిల్లాల్లో అమలు చేసేందుకు నమూనా పంపమన్నారు. పంపలేదు. పెట్టెలను తిరిగి ఇళ్లకు చేర్చబోతే ఎనిమిదిళ్లవారు వద్దన్నారు. మంగలి షాపతను మాత్రం తన దగ్గరిది ఉంచుకుంటానన్నాడు. దాన్ని చూడటానికి మనుషులు వస్తున్నారట.

మంగ్లి కూడా పెట్టెను వద్దంది. విచారణ రోజు బయటికి రాగానే ఆమె జిరాక్సు దుకాణానికి వెళ్లి ఆ నకలుకు ఐదు ప్రతులు తీయించింది. ఒకటి తన దగ్గర ఉంచుకుని, నాలుగు తండాల్లోని నలుగురు ఆడబిడ్డలకు తలా ఒకటి ఇచ్చింది. పండక్కి ఎవరింటికి వెళ్లినా ముందు ఆ కాగితం తీయించి చూస్తుందని తర్వాత విన్నాను.

ఆ ఉద్యోగంలో నాకు తెలిసివచ్చింది ఇంతే. ఒక వస్తువు పదకొండు చోట్ల ఉండాలంటే పదకొండు పెట్టెలు పంచితే సరిపోదు. దాన్ని తన దగ్గరే ఉంచుకోవలసిన అవసరం పదకొండు మందికీ ఉండాలి. మా పథకంలో ఆ అవసరం ఎవరికి ఉందని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.