కరివేపాకు కుండీలో పోసిన పాలు

ఆగస్టు పందొమ్మిది, మంగళవారం, ఉదయం తొమ్మిదీ పది. మనవడు పుట్టి ఇరవై ఒకటో రోజు. సాయంత్రం ఉయ్యాలలో వేయాలి. మా వియ్యపురాలు వాళ్ళ ఊరు పద్మనాభం నుంచి మధురవాడలోని మా ఫ్లాటుకి అప్పుడే వచ్చింది. మా అమ్మాయి మంచం మీద కూర్చుని మూర్ఛ మాత్ర వేసుకుంటోంది.

"ఏటే, ఇంకా మింగతన్నావా? పాలల్లోకి దిగిపోదేటి? సూడు వదినా, గుంటడు ఎలా మత్తుగా తొంగున్నాడో!"

"నెల నిండని గుంటడు తొంగోక లారీ తోల్తాడేటి వదినా?" అన్నాను. ఆవిడా నవ్వింది. అమ్మాయి మాత్రం నవ్వలేదు.

రోజూ ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, ఆ మాత్ర దాని పదిహేడో ఏట మొదలైంది. సిటీ బస్సు కోసం నిలబడి రోడ్డు మీద పడిపోయింది. తర్వాత ఒకసారి రెండు రోజులు మాత్ర మానితే మళ్ళీ మూర్ఛ వచ్చింది. ఆ రెండు తేదీలూ నాకు గుర్తే. అందుకే పురుడు పోసిన దగ్గర్నుంచి నాకు ఒకటే బెంగ: చేతుల్లో బిడ్డ ఉండగా పడిపోతే?

ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు మాత్ర మానొద్దన్నారు. పాల సంగతి మేం అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. వియ్యపురాలు ఆ మాటన్న సాయంత్రమే డాక్టరుకి ఫోన్ చేద్దామన్నాను.

"వద్దమ్మా. పాలు ఇవ్వొద్దంటే ఏం సేత్తాను?" అంది అమ్మాయి. నేనూ ఊరుకున్నాను.

మర్నాటి నుంచి పాలు చాలడం లేదని డబ్బా పాలు కలిపి పట్టడం మొదలుపెట్టింది. బాలింతల్లో కొందరికి అంతే కదా అనుకున్నాను.

ముప్ఫయ్యో తేదీ, శనివారం. బాల్కనీలో కరివేపాకు కుండీకి నీళ్ళు పోయబోతే పులిసిన వాసన. మట్టి మీద తెల్లటి చార, దాని నిండా చీమలు. పిండిన తల్లిపాలు ఎవరూ తొక్కకూడదని మొక్క మొదట్లో పోయడం మాలో అలవాటు. చెంబు అక్కడే పెట్టి లోపలికి వెళ్ళాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఉయ్యాల్లో ఏసిన రోజు నుంచి. బిళ్ళ ఏసుకున్నాక మూడు గంటల దాకా ఆడికి పట్టకుండా, ఆ పాలు పిండి పారబోత్తన్నానమ్మా. ఇప్పుడు పిండినా రాట్లేదు. ఉన్నవైనా మంచివి తాగుతాడని రాత్రి బిళ్ళ ఏసుకోలేదు. ఇంక మానేత్తాను."

బిడ్డ దాని ఒళ్ళో ఉన్నాడు. "వాణ్ణి ఇలా ఇయ్యి" అన్నాను. బిడ్డని తీసుకుని, తొమ్మిది గంటల మాత్ర నా కళ్ళ ముందు వేయించి, డాక్టరుకి ఫోన్ చేశాను. పదకొండింటికి రమ్మంది.

ఆటోలో బిడ్డని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో అమ్మాయి జబ్బ పట్టుకున్నాను. అది కళ్ళు మూసినప్పుడల్లా పిలిచాను.

"నిద్రొత్తందమ్మా, అంతే" అని విసుక్కుంది. నిద్రో మరొకటో నాకెలా తెలుస్తుంది?

డాక్టరు మాత్రల అట్ట చూసి, బిడ్డ బరువు తూయించింది. బరువు పెరిగాడు.

"ఈ మాత్ర వేసుకుంటూ పాలు ఇవ్వొచ్చమ్మా. పాలల్లోకి కొంచెం వెళ్తుంది. కడుపులో ఉన్నప్పుడూ వెళ్ళిందే కదా. మరీ మత్తుగా ఉండి పాలు తాగకపోయినా, బరువు పెరగకపోయినా వెంటనే తీసుకురండి. మందు మారిస్తే మళ్ళీ అడగండి. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు." తర్వాత నా వైపు తిరిగింది. "రాత్రి ఒకసారి సీసా పాలు మీరు పట్టండి. ఆమెకి నిద్ర చాలకపోతే మూర్ఛ రావచ్చు."

"అయితే పారబోసినవన్నీ మంచి పాలేనా?" అంది అమ్మాయి. డాక్టరు అవునంది. అమ్మాయి అక్కడే ఏడ్చింది.

వియ్యపురాలికి ఫోన్ చేసి చెప్పాను. "నాను ఊరికే అన్నాను వదినా. నా నోరు పడిపోను!"

మూర్ఛ రాలేదు. కానీ సీసాకి అలవాటు పడ్డ బిడ్డ రొమ్ము నోటికి అందిస్తే మొహం తిప్పుకునేవాడు. రోజూ కూర్చోబెట్టి పట్టించగా పట్టించగా నెలకి కుడివైపు పాలు తిరిగి వచ్చాయి.

పోయినవి ఇవి: పదకొండు రోజులు, రోజుకి రెండు పూటల పాలు. ఒక రాత్రి మాత్ర. ఎడమవైపు పాలు, పూర్తిగా.