నానేసిన మేత

జమ్మలమడుగు అవతలి పల్లెలో గొర్రెల మధ్య పెరిగిన అక్కమ్మకు, ఏ జీవం నీరసించిందో చెవులు చూస్తేనే తెలిసిపోతుంది. ఆ చూపే ఆమెకు ప్రొద్దుటూరులోని ఒక మందుల కాలేజీలో, పరిశోధనకు పెంచే ఎలుకల గదిలో పని ఇప్పించింది. తొమ్మిదేళ్లుగా మొదటి బస్సుకు వచ్చి పెట్టెలు కడుగుతుంది, పొట్టు మారుస్తుంది, నీళ్ల సీసాలు నింపుతుంది. ఆ తెల్లటి ప్రాణాన్ని అరచేతిలో పెట్టుకుంటే గుండె కొట్టుకోవడమే తప్ప బరువు తెలియదంటుంది.

ఈ ఏడాది ఆ గదిలో పరిశోధన గీతాంజలిది. పులివెందుల చీనీతోటల పిల్ల. తల్లి నుంచి బిడ్డకు దిగే ఒక మెదడు జబ్బును ఎలుకల్లో పెంచి, దానికి మందు పరీక్షిస్తోంది. జబ్బు ఎలుకను తిరిగే కడ్డీ మీద నిలబెడితే నాలుగడుగులు తడబడి జారిపోతుంది. సగం పెట్టెలకు మందు, సగానికి ఉత్త తీపినీళ్లు. దేనికి ఏది పడుతోందో గీతాంజలికీ అక్కమ్మకూ తెలియకూడదు. ఆ జాబితా ప్రొఫెసరు బీరువాలో ఉంది. గీతాంజలి అక్క కూతురికీ అదే జబ్బు, ఎనిమిదేళ్లొచ్చినా మాట రాలేదు.

ఎనిమిది వారాలకు జాబితా తెరిచారు. మందు పడిన ఎలుకలు తీపినీళ్లవాటికన్నా కడ్డీ మీద నలభై సెకన్లు ఎక్కువ నిలబడ్డాయి. గీతాంజలి కళ్లు చెమర్చాయి. అక్కకు చెప్పాలని ఫోను తీసింది.

పక్కనే నిలబడ్డ అక్కమ్మ జాబితాలో మందు పడిన పెట్టెల నంబర్లు చూసింది. నాలుగు, ఏడు, తొమ్మిది, పన్నెండు. నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు. విప్పితే పని పోవచ్చు.

“పాపా, ఫోన్ చేయాకు. ఆ పెట్టెలకే నేను నానేసిన మేత పెడతాంటి.”

“ఎప్పట్నుంచి అత్తా?”

“మూడో దినం నుంచి. ముడుక్కోని కూర్చునుంటే చూడలేకపోతి.”

“నన్నొక మాట అడగచ్చు గదా.”

“ఆకలైనదానికి మేత పెట్టేదానికి అడగాలని తెల్దు. ఇప్పుడు తెలిసె.”

మందలో నిలబడలేని పిల్లను పక్కకు తీసి మెత్తటి మేత పెట్టడం గొర్రెలవాళ్ల ఇంట్లో ఒకరు నేర్పే పని కాదు. ఆ మందేమో మొదట్లో ఆకలిని చంపింది. ముడుచుకున్నవన్నీ మందు పడినవే. అవి కోలుకున్నది మందు వల్లా, మేత వల్లా? ఇక ఎవరూ చెప్పలేరు.

ఇద్దరూ కలిసి ప్రొఫెసరు దగ్గరికి వెళ్లారు. ఆయన కసిరాడు. ఈమె చెప్పకపోతే మనం అబద్ధం అచ్చేసేవాళ్లమని గీతాంజలి అంది. చివరికి ఆయన కొత్త ఎలుకలతో మళ్లీ మొదలుపెట్టమన్నాడు.

ఈసారి నానేసిన మేత అన్ని పెట్టెలకూ, తూకం వేసి. బలంగా గెంతేదానికీ అంతే, తల వాల్చినదానికీ అంతే. ఎనిమిది వారాలపాటు అక్కమ్మ చేయి ఒక్క పలుకు ఎక్కువ వేయలేదు. అంత కష్టమైన పని తన జన్మలో చేయలేదని తర్వాత ఎప్పుడో చెప్పింది.

మళ్లీ జాబితా తెరిచారు.

“పదకొండు సెకన్లే ఎక్కువ అత్తా,” అంది గీతాంజలి నీరసంగా.

“దాన్లో నా మేత లేదు గదా?”

“లేదు. మందుదే.”

అక్కమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంది.

“అయితే ఇప్పుడు చేయి ఫోను. ఎలకల్లోనే అని చెప్పేది మాత్రం మర్సిపోవాకు.”