ఫారిన్ కడుపునొప్పికి సూర్యాపేట రేటు

ఇరవై రూపాయలతో తేలిపోవాల్సిన కడుపునొప్పిని ముప్పై ఆరు వేల దాకా పెంచి పెద్ద చేసిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. పైగా ఆ కడుపు నాది కూడా కాదు, కొరియా దేశపు కడుపు. ఇదంతా చదివాక మీకు నా మీద జాలి కలిగితే సంతోషం. కోపమొస్తే మాత్రం వరసలో నిలబడండి, మీకంటే ముందు మా సేటు ఉన్నాడు.

రెండు వేల ఆరో, ఏడో. నా పేరు సైదులు. నిడమనూరు నుంచి డిగ్రీ కాగితం ఒకటి పట్టుకుని మిర్యాలగూడ వచ్చి, ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా కుదిరాను. జీతం మూడున్నర వేలు. మిల్లు మొత్తంలో నాకున్న ఒకే ఒక్క గొప్ప, ఇంగ్లీషు. అంటే బాగా వచ్చని కాదు, మాట్లాడటానికి సిగ్గుపడనని.

ఆ ఏడు మా సేటు బియ్యంలోంచి నల్ల గింజల్ని ఏరి పారేసే మిషను ఒకటి కొరియా నుంచి తెప్పించాడు. దాన్ని బిగించడానికి పార్క్ అని ఒక ఇంజినీరు వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, నెమ్మదస్తుడు. నెల రోజుల పని అన్నారు. మన కరెంటు కోతల పుణ్యమా అని అది నాలుగు నెలలైంది. మిల్లు వెనక వీధిలో కిరాయి గదిలో ఉంటూ, పొద్దున ఇడ్లీ బండి, సాయంత్రం మిరపకాయ బజ్జీల బండి అలవాటు చేసుకున్నాడు. అరటిపండ్లవాడితో బేరమాడటం కూడా నేర్చాడు. నేనేమో ఆయన పక్కన నడుస్తూ, ఊరంతా నన్నే చూస్తోందని మురిసిపోయేవాణ్ణి. ఆ మురిపెమే నా కొంప ముంచింది.

ఒక బుధవారం సేటు కోదాడలో బామ్మర్ది గృహప్రవేశానికి బయల్దేరుతూ నన్ను పిలిచాడు.

"సైదులూ, నేను రెండు రోజులు ఉండ. శుక్కురారం మిషను చాలూ చేసుడే. ఈ పార్క్ సారుకు కాల్ల ముల్లు గుచ్చినా సరే, నీ నౌకరి ఖతం. సమజైందా?"

"సమజైంది సేటూ. కంటికి రెప్పోలె చూస్త."

చూశాను మరి! ఎంత బాగా చూశానో వినండి.

గురువారం పొద్దున గదికి వెళ్తే పార్క్ సారు పొట్ట పట్టుకుని కూర్చున్నాడు. ముందురోజు సాయంత్రం ఎనిమిది బజ్జీలు తిన్నాడట. తెల్లారినప్పటి నుంచి ఆరుసార్లు వెళ్లొచ్చాడట. ఆయనకు పోతున్నవి విరేచనాలు, నాకు పోబోతున్నది నౌకరీ.

ఆయన మాత్రం తాపీగా ఇంగ్లీషులో అన్నాడు, "కంగారేమీ లేదు. నేను తిరగని దేశం లేదు, ప్రతి దేశంలోనూ ఒకసారి ఇలా అవుతుంది. మన మిల్లు గేటు ఎదురుగా ఒక డాక్టరున్నాడు కదా, హమాలీలంతా వెళ్తారు. రెండు మాత్రలు ఇప్పించు చాలు."

ఆయన చెప్పింది యాదగిరి గురించి. యాదగిరి ఆర్‌ఎంపీ. ఒక బల్ల, ఒక స్టూలు, ఒక స్టెతస్కోపు, అదే ఆయన దవాఖాన. మేం గేటు దగ్గరికి వచ్చేసరికి ఆయనే ఎదురొచ్చాడు.

"ఏమైంది సారుకు? మోషన్లా? గిట్ల కూసోబెట్టు. రెండు గోలీలు, ఒక ఉప్పు చక్కెర ప్యాకెట్టు. మాపటికి లేసి ఉరుకుతడు. ఇరవై రూపాలియ్యి."

ఇక్కడ ఆగండి. ఇక్కడే, ఈ గేటు దగ్గరే, నేను "సరే అన్నా" అని ఉంటే ఈ కథ లేదు. కానీ నాలోని డిగ్రీ హోల్డరు నిద్ర లేచాడు.

"ఏందన్నా మాట్లాడుతున్నవ్! కొరియా ఇంజినీరును నీ బల్ల మీద పండవెడ్తే మిల్లు ఇజ్జతు ఏం గావాలె? సూర్యాపేటల హైవే మీద కొత్త దవాఖాన వెట్టిండ్రు, మొత్తం ఏసీ. ఆడికి తీస్కపోత."

"మోషన్లకు ఏసీ ఎందుకురా?" అన్నాడు యాదగిరి. నేనప్పటికే సుమో డ్రైవరును కేకేస్తున్నాను.

మిల్లు సుమోలో బయల్దేరాం. గంటన్నర దారి. విరేచనాలు పట్టుకున్న మనిషిని గంటన్నర సేపు గుంతల రోడ్డు మీద తీసుకెళ్లాలన్న ఆలోచన ఇంకెవరికైనా వస్తుందా చెప్పండి! రెండు పెట్రోలు బంకులు, ఒక పత్తి మిల్లు, మూడు చోట్ల తుమ్మచెట్లు, ఇవీ మేం ఆగిన స్టేషన్లు. తుమ్మచెట్ల దగ్గర నేను సీసాతో నీళ్లు పట్టుకుని, అటు తిరిగి నిలబడి, రోడ్డున పోయేవాళ్లకు నమస్కారాలు పెట్టాను.

విచిత్రమేమిటంటే, సూర్యాపేట చేరేసరికి ఆయనకు తగ్గిపోయింది. హాయిగా ఊపిరి పీల్చుకుని, "సైదులూ, ఇంక వెళ్లిపోదామా? ఎక్కడైనా మజ్జిగ తాగుదాం" అన్నాడు.

"అలా కాదు సార్, ఇంత దూరం వచ్చి చూపించుకోకుండా పోతామా?" అన్నాను. సినిమా టికెట్టు కొన్నాక మధ్యలో లేచిపోవడం మా వంశంలోనే లేదు.

లోపల కౌంటరు దగ్గర జనం. సర్కారు దవాఖానల్లో తిరిగి తిరిగి మనకొక అలవాటు కదా, మనం ఫలానా అని కాస్త గట్టిగా చెప్పుకోకపోతే ఎవడూ తలెత్తి చూడడు. అందుకని కౌంటరు మీద చెయ్యేసి, గొంతు పెంచి అన్నాను.

"చూడుండ్రి, ఈయన ఎవరనుకుంటున్నరు? కొరియా నుంచి వచ్చిన పెద్ద ఇంజినీరు. ఫారిన్ కంపెనీ. మంచిగ చూడాలె. పైసల సంగతి మీరు చూడకుండ్రి!"

పైసల సంగతి మీరు చూడకుండ్రి. ఈ నాలుగు మాటలు మా ఇంటి గోడ మీద రాసి పెట్టుకున్నాను, రోజూ చదువుకుని చెంపలు వేసుకోవడానికి.

కౌంటరు అమ్మాయి చేతిలో పెన్ను ఆగిపోయింది. లోపలికి పరుగెత్తింది. నిమిషంలో ఒక మేనేజరు టై సర్దుకుంటూ వచ్చాడు. కోదాడ మనిషి, మాట మహా మెత్తన.

"రండి సార్, రండి. ఇక్కడ నిలబడ్డారేంటండీ! ఏమ్మా, సార్‌ని డీలక్స్ రూముకి తీసుకెళ్లండి. మీరేం కంగారుపడకండి, అంతా మేం చూసుకుంటాం కదా."

చూసుకున్నారు. రక్తం చూశారు, మూత్రం చూశారు. గుండెకు తీగలు తగిలించారు, ఛాతీకి ఎక్స్‌రే తీశారు, కడుపుకు స్కానింగు చేశారు. సెలైను ఎక్కించారు. మధ్యాహ్నానికి తలకాయ స్కానింగుకు తీసుకెళ్తుంటే నేను అడ్డం పడ్డాను.

"తలకాయకెందుకండి? ఆయనకు పోయింది మోషన్లు."

"ఫారినరు కదండీ," అన్నాడు మేనేజరు. "మనవాళ్ల విషయంలోనైతే చూద్దాంలే అనుకుంటాం. వాళ్ల విషయంలో రిస్కు తీసుకోకూడదండి."

పార్క్ సారు చక్రాల కుర్చీలోంచి నన్ను చూసి, "సైదులూ, నాకేమైంది? నాకు తెలియని జబ్బేమైనా చెప్పారా?" అని అడిగాడు. "మర్యాద చేస్తున్నారు సార్" అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, నమ్మండి.

శుక్రవారం పొద్దున రిపోర్టులన్నీ వచ్చాయి. కడుపు బాగుంది, గుండె బాగుంది, తలకాయ బ్రహ్మాండంగా ఉంది. వాటితోపాటు బిల్లు వచ్చింది. ముప్పై ఎనిమిది వేలు. నేను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. నా జీతంతో భాగిస్తే దాదాపు పదకొండు నెలలు, అది కూడా నేను అన్నం తినడం మానేస్తే!

ధైర్యం చేసి పార్క్ సారు దగ్గరికి వెళ్లాను. "సార్, మీకు కంపెనీ ఇన్సూరెన్సు ఉంది కదా?"

"ఉంది."

ప్రాణం లేచొచ్చింది. "అయితే కట్టేయండి సార్."

"అది అలా కాదు. ముందు మనం కట్టాలి, తర్వాత కాగితాలు సియోల్ పంపాలి. వాళ్లు మూడు నెలలు చూస్తారు. చేరే ముందే ఫోన్ చేసి అనుమతి అడిగి ఉండాలి, మనం అడగలేదు. పైగా నాకు ఏ జబ్బూ లేదని ఇక్కడ తొమ్మిది కాగితాల మీద రాసిచ్చారు. లేని జబ్బుకు ఎవరిస్తారు?"

"ఈ మాట నిన్న చెప్పొచ్చు కదా సార్!"

"నువ్వు వాళ్లతో ఏం మాట్లాడావో నాకేం తెలుసు? అంతా తెలుగులో మాట్లాడావు. నేను మజ్జిగ అడిగాను." ఆయన పర్సు తీసి చూపించాడు. పదకొండు వందలున్నాయి. జీతం మొత్తం ఆయన దేశంలో బ్యాంకులో పడుతుందట, ఇక్కడి ఖర్చు మా సేటు చూడాలట.

ఇక మేనేజరు కాళ్లావేళ్లా పడ్డాను.

"సార్, మోషన్లకు ముప్పై ఎనిమిది వేలా? మా ఊరోళ్లు వస్తే గింతనే తీసుకుంటరా?"

"లేదండి, మనవాళ్లకైతే పన్నెండు వేలు అయ్యేదండి. ఫారినర్ ప్యాకేజీ వేరు."

"ఎందుకు వేరు? వాళ్లకు కడుపు రెండుంటయా?"

"పైసల సంగతి చూడొద్దని మీరే అన్నారు కదండీ. మేం చూడలేదు."

చూశారా, నా మాట నాకే ఎలా అప్పజెప్పాడో! అప్పుడు మొదలైంది నా రెండో నాటకం. నిన్నంతా ఆకాశానికి ఎత్తిన మనిషిని ఈరోజు నేల మీదికి దించడం.

"అసలాయన అంత పెద్ద ఇంజినీరేం గాదండి. ఉత్త మెకానిక్కు. నాలుగు నెలల సంది మిర్యాలగూడలనే ఉంటుండు. కిరాయి రూము. బండి మీద ఇడ్లీ తింటడు. ఇగ మా వాడకట్టు మనిషే అనుకోండి. మనోళ్ల రేటే ఎయ్యుండ్రి."

మేనేజరు పార్క్ సారు వంక చూశాడు. ఆయనకు సంగతి ఎంత అర్థమైందో గానీ, చేతులు జోడించి, అరటిపండ్లవాడి దగ్గర నేర్చుకున్న తెలుగంతా ఒక్కసారి బయటికి తీశాడు.

"అన్నా, జర తక్కువ చెయ్యి!"

కౌంటరు కౌంటరంతా నవ్వింది. ఆ నవ్వుకు రెండు వేలు తగ్గాయి. నా డిగ్రీ ఇంగ్లీషు రూపాయి కూడా తగ్గించలేకపోయింది, గమనించండి.

మిగిలిన ముప్పై ఆరు వేలకు దిక్కు సేటే. కోదాడకు ఫోన్ కొట్టాను. గంటలో దిగాడు, పట్టుపంచె మీదే, నుదుట కుంకుమ బొట్టుతో, బామ్మర్ది దగ్గర చేబదులు తెచ్చిన నోట్లతో. బిల్లు మొదటి నుంచి చివరి దాకా చదివాడు. ఒకచోట ఆగాడు.

"తలకాయ స్కానింగు ఆయనకు తీసిండ్రా? తీయాల్సింది నీకు గదరా!"

కట్టాడు. కట్టి, గుమ్మం దాకా వచ్చాడు. ఇంతలో మేనేజరు వెనక నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి, నా చేతిలో ఒక తెల్ల కవరు పెట్టాడు.

"మర్చిపోయానండి. ఇది మీకు. పేషెంటుని తీసుకొచ్చినవాళ్లకు పదో వంతు ఇస్తాం కదండీ, ఊళ్లల్లో ఆర్‌ఎంపీలకు ఇచ్చినట్టే. ఇంకెవరైనా ఫారినర్లుంటే మా దగ్గరికే తీసుకురండి సార్!"

నేను కవరు వంక చూశాను. సేటు నా వంక చూశాడు. నా జన్మలో అంత బరువైన కవరు పట్టుకోలేదు.

"ఎన్నేండ్లాయెరా ఈ దుకాణం వెట్టి?" అన్నాడు సేటు, నెమ్మదిగా.

"సేటూ, నాకు తెల్వదు, ఒట్టు, అమ్మతోడు..."

"నా తిండి తినుకుంట నాకే టోపీ పెడ్తవురా? నీ నౌకరి ఖతం. పొద్దుగాల్నే వచ్చి మూటముల్లె సదురుకో." కవరు లాక్కుని జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు మిల్లులో నా టిఫిన్ డబ్బా, తువ్వాలు సంచిలో పెట్టుకుంటున్నాను. ఏడుపొచ్చిందని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. ఇంటికెళ్లి ఏమని చెప్పాలి? బజ్జీల వల్ల ఉద్యోగం పోయిందనా? కవరు సంగతి సుమో డ్రైవరు చెప్పాడేమో, సరిగ్గా అప్పుడే యాదగిరి రంకెలేసుకుంటూ లోపలికొచ్చాడు.

"ఏడిరా సైదులు? కమీషను కొట్టినవంట గద! ఆ సారు నా గేటు ముందటి పేషెంటు. నా కడుపు కొట్టి సూర్యాపేట తీస్కపోయినవ్. సగం నాకు రావాలె. తీయ్!"

"నా దగ్గర రూపాయి లేదన్నా! సేటు గుంజుకున్నడు. నౌకరి గూడ పోయింది."

"నౌకరి పోయిందా? మరి సేటు పైసలు ఎవడు గడ్తడు?" అన్నాడు యాదగిరి, మాట వరసకు.

గల్లా దగ్గర కూర్చున్న సేటు తలెత్తాడు. ఆ ప్రశ్న ఆయనకు అప్పటిదాకా తట్టలేదు. కాసేపు వేళ్లు లెక్కపెట్టుకున్నాడు.

"అరే సైదులూ, సంచి ఆడవెట్టు. నువ్వు పోతే నా ముప్పై ఆరు వేలు గంగల గలుస్తయి. నెలకు వెయ్యి కోస్త. మూడేండ్లు ఎటు పోవుడు లేదు. సచ్చినా ఈడనే సావాలె."

అలా నా నౌకరీ పర్మనెంటయింది. ఆ మిల్లులో అంత గట్టి ఉద్యోగ భద్రత ఇంకెవరికీ లేదు. మిషను శనివారం చాలూ అయింది, నల్ల గింజల్ని ఒక్కొక్కటే ఏరి అవతల పారేసింది. నా వంక చూసినప్పుడల్లా సేటుకు ఏమనిపించేదో నేను ఊహించగలను. కవరులోని మూడు వేల ఆరు వందలు మాత్రం నా లెక్కలో జమ కాలేదు. అడిగితే, "అది కమీషను గదరా, దాంతోని నీకేం పని?" అన్నాడు.

కాబట్టి ప్రజలారా, అరటిపండ్ల బండి సాక్షిగా, యాదగిరి బల్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ దేశపు కడుపు నా ముందు నొచ్చినా సరే, దానికి ఇంజినీరని గాని, ఫారినని గాని పేరు పెట్టను. కౌంటరున్న ఏ చోటా పైసల సంగతి చూడొద్దని అనను. మజ్జిగ అడిగినవాడికి మజ్జిగే తాగిస్తాను. అది కూడా గ్లాసు ఎంత అని ముందే అడిగి, జర తక్కువ చేయించుకున్నాకే.